నీటి గండంవాడి గాలపుతాడు

సముద్రంలో చేపల వేటకి సామాను ఎంచుకోవడంలో రెండు పద్ధతులున్నాయి. చేప పడాలని ఎంచుకోవడం ఒకటి, మనిషి తిరిగి రావాలని ఎంచుకోవడం రెండోది. మొదటి పద్ధతి తెలిసినవాళ్ళు మా కోనసీమ తీరం పొడుగునా ఉన్నారు, వెళ్ళి అడిగితే చెబుతారు. రెండో పద్ధతి కావలసినవాళ్ళు మాత్రం నా దగ్గరికే రావాలి.

నాకు ఈత రాదు. కపిలేశ్వరపురం దగ్గర గోదావరి గట్టుమీద పుట్టి పెరిగి ఈత రాదనడం, కొబ్బరితోటలో కాపురముంటూ కొబ్బరి పచ్చడి ఎరగననడంలాంటిది. తప్పు నాది కాదు. పుట్టిన పదకొండో రోజున జాతకం వేసిన సిద్ధాంతిగారు ‘కుర్రాడికి నీటి గండం ఉందండి’ అన్నారు. ఏ వయసులో ఉందో, ఏ నీళ్ళలో ఉందో చెప్పకుండా సంభావన ఉత్తరీయంలో ముడేసుకుని వెళ్ళిపోయారు. అక్కణ్ణుంచి మా అమ్మ ప్రపంచంలో ఉన్న నీళ్ళన్నిటితోనూ యుద్ధం ప్రకటించింది. గోదావరి వైపు కిటికీకి అడ్డంగా చెక్కలు కొట్టించింది. నాకు స్నానం చెంబుతోనే. గంగాళంలో నీళ్ళు నా మోకాలు దాటితే వీధంతా వినపడేలా బావురుమనేది. నా ఈడువాళ్ళు లంకల్లోకి ఈదుకుంటూ పోయి దోసకాయలు కోసుకొస్తుంటే, నేను గట్టుమీద కూర్చుని వాళ్ళ చొక్కాలకి కాపలా కాసేవాణ్ణి. కోనసీమ మొత్తంమీద నేను కాపలా కాసినన్ని చొక్కాలు ఏ చాకలీ ఉతికి ఉండడు.

అలాంటివాడికి, గుడ్డ కంట్రోలులో దొరికే ఆ రోజుల్లో, రాజోలుకి దిగువన సముద్రానికి దగ్గర్లో ఉన్న ఊళ్ళో సంబంధం కుదిరింది. మొదటిసారి అత్తవారింట్లో అడుగుపెట్టగానే ఒక చప్పుడు వినిపించింది. ఎవరో ఊరంతటినీ చాపలా చుట్టి ఈడ్చుకుపోతున్నట్టుంది. ఏమిటదని మా ఆవిణ్ణి అడిగాను.

“సముద్రమండి. అదలాగే అరుస్తుంది,” అంది, అదేదో పక్కింటి గేదె అయినట్టు.

ఆ చప్పుడు మధ్యనే మర్నాడు భోజనానికి కూర్చున్నాం, మావగారు, నేను, మా ఆవిడ అన్నగారు. ఈ బావగారికి నాకన్నా రెండేళ్ళు పెద్ద వయసు, పదేళ్ళు పెద్ద మీసం. తోటలు, వరిచేలు ఆయనే చూసుకునేవారు. మాట తియ్యగా ఉండేదిగానీ, ప్రతి మాటకీ అడుగున చిన్న ముల్లుండేది.

“గోదారొడ్డువారు కదండీ బావగారూ! ఈత బాగా వచ్చే ఉంటుంది. లేకపోతే గట్టుమీదే ఉండిపోయేరా ఏంటి?” అన్నారు పప్పు కలుపుకుంటూ.

తలుపు చాటున మా ఆవిడ గాజులు చప్పుడయ్యాయి. మావగారు చెవి ఇటు పెట్టారు. కొత్త అల్లుడు ఆ క్షణంలో నిజం చెప్పగలిగితే లోకంలో సగం చిక్కులుండవు.

“గోదావరి మాకు పెరటి గుంటండి,” అన్నాను. “పొద్దున్నే పళ్ళు తోముకుంటూ ఈ ఒడ్డున దూకుతాను. నోరు పుక్కిలించేది అవతలి ఒడ్డున.”

మావగారి చేతిలో ముద్ద జారి విస్తట్లో పడింది. తన ఇంట్లో, తన తండ్రి ఎదుట, తనకన్నా పెద్ద మాట ఇంకొకరు చెప్పడం బావగారికి నచ్చలేదు.

“నేనూ అంతేనండి,” అన్నారు. “మధ్యాన్నం సముద్రంలో వెల్లకిలా పడుకుని కునుకు తీస్తాను. మెలకువ రాకపోతే కెరటవే వచ్చి లేపుద్ది.”

“ఓరినీ! ఇద్దరు గజఈతగాళ్ళని ఇంట్లో పెట్టుకుని చేపలు కొనుక్కు తింటన్నానా నేను!” అని మావగారు పొంగిపోయారు. “అల్లుడుగారూ, మీరిద్దరూ తెప్పమీద వెళ్ళి గాలవేసి ఓ పండుగప్పని పట్టుకురావాలండి. మనింట్లో వాళ్ళు పట్టిన చేప తినాలని నాకెన్నాళ్ళనుంచో కోరిక.”

“ఆయ్, దానికేం భాగ్యం నాన్నా!” అన్నారు బావగారు. “రేపే రాజోలెళ్ళి సామాను కొనుక్కొచ్చేస్తాం.”

ఆ పూట నేను ఏం తిన్నానో నాకు తెలియదు. ఈత రాదని చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది. సిద్ధాంతిగారు చెప్పని వయసు ఇదేనని, చెప్పని నీళ్ళు ఇవేనని నాకు అర్థమైపోయింది. అరచేతుల్లోంచి చెమట కారి చేలో పడితే ఎకరం తడిసేది. అలా తడుస్తూ తడుస్తూ ఒక ఉపాయం కనిపెట్టాను. ప్రాణం కాపాడే వస్తువులన్నిటినీ వేటసామాను పేరు పెట్టి తెప్ప ఎక్కిస్తే ప్రాణమూ పరువూ రెండూ దక్కుతాయి.

మర్నాడు ఒంటెద్దు బండిలో రాజోలు వెళ్ళాం. గాలాలు, వలదారాలు, తాళ్ళు అమ్మే కొట్టు బజారు చివర ఉంది. కొట్టు సావుకారు సన్నగా గాలంలాగే వంగి ఉన్నాడు. కొత్తగా వేట మొదలెడుతున్నామని వినగానే ఆయనకి ప్రాణం లేచొచ్చింది. చీమతలకాయంత గాలంనుంచి ఏనుగుని పట్టే అంకుశమంత గాలందాకా చాపమీద పరిచేశాడు. నేను వాటివైపు చూడలేదు.

“ముందు తాడు చూపించండి,” అన్నాను.

తుమ్మచెక్క రసంలో ఉడికించి ఆరబెట్టిన నూలుదారం ఉండ తీశాడు. సన్నగా, ఎర్రగా, గట్టిగా ఉంది. “సముద్రపు గాలానికి ఇదేనండి. ఉప్పునీళ్ళకి కుళ్ళదు. చేప కంటికి ఆనదు.”

“తెగుతుందా?”

“మరీ పెద్ద చేప పడితే తెగుద్దండి. తెగాలి కూడానండి! లేకపోతే తెప్పనే లాక్కుపోద్ది.”

తెగాలి అన్న మాట నా గుండెలో గుచ్చుకుంది. నాకు కావలసింది ప్రళయమొచ్చినా తెగనిది. మూల నిలబెట్టి ఉన్న కొబ్బరిపీచు మోకు చుట్ట కనబడింది. నా మణికట్టంత లావుంది. “అదివ్వండి,” అన్నాను.

సావుకారు బావగారి వంక చూశాడు, మళ్ళీ నా వంక చూశాడు. “అది పోట్లగిత్తల్ని కట్టే మోకండి.”

“సముద్రంలో చేపలు గిత్తల్లాగే ఉంటాయని విన్నానండి.”

“గాలానికి సీసపుగుళ్ళు ఎన్నివ్వమంటారండి?”

“సీసమెందుకు?”

“గాలాన్ని అడుక్కి లాగడానికండి.”

అడుక్కి లాగే వస్తువుని డబ్బిచ్చి కొనుక్కుని, ఒళ్ళో పెట్టుకుని, సముద్రం మధ్యకి ఎవరైనా వెళతారా? “వద్దండి. మా గోదావరి వేటలో సీసం వాడం. చేపలే పైకొస్తాయి,” అన్నాను గంభీరంగా.

“అదృష్టవంతులండి,” అన్నాడు సావుకారు.

ఇదంతా విన్న బావగారు నా ఎంపికని చీల్చి చెండాడతారనుకున్నాను. ఆయన మటుకు తనకి గాలం, నూలుదారం, నాకూ ఒక గాలం చిటికెలో కొనేసి, పక్క కొట్టుకెళ్ళి ఖాళీ కిరసనాయిలు డబ్బా ఒకటి కొనుక్కొచ్చారు. మూతికి లక్క వేసి గట్టిగా మూసి ఉంది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని పసిబిడ్డని జోకొట్టినట్టు తడుతూ కూర్చున్నారు.

“ఇదెందుకండీ?” అన్నాను.

“పట్టిన చేపలు వేసుకోడానికండి.”

“మూత మూసుంది కదండీ!”

“పట్టేక తెరుస్తాం కదండీ! ఇప్పట్నుంచే తెరిస్తే ఉప్పుగాలికి తుప్పు పట్టుద్ది.”

నా భయంలో నేనున్నాను. ఎదుటివాడి డబ్బా గురించి ఆలోచించే తీరిక నాకు లేదు.

ఇంటికొచ్చాక నేను అసలైన సామాను కోసం మావగారి కొట్టుగదిలో దూరాను. అక్కడ కురిడీకాయల రాశి ఉంది. కురిడీ అంటే తెలుసుగదా, పీచుతోనే అటకెక్కించి ఏడాదిపాటు ఉంచితే లోపల నీళ్ళన్నీ ఇంకిపోయి, కొబ్బరి చిప్పనుంచి విడివడి గలగలలాడే కాయ. మా వైపు పిల్లలకి ఈత నేర్పేటప్పుడు నడుముకి కట్టేది వీటినే. ఒక్కొక్కదాన్నీ చెవి దగ్గర పెట్టి ఊపి, కొద్దిగానైనా నీటి చప్పుడున్నవాటిని అవతల పారేసి, దూదిలా తేలికగా ఉన్న నాలుగింటిని ఎంచాను. పెళ్ళిచూపుల్లో మా ఆవిణ్ణి కూడా అంత శ్రద్ధగా చూడలేదు.

“అవెందుకండీ అల్లుడుగారూ?” అన్నారు మావగారు గుమ్మంలోంచి.

“గాలానికి బెండులండి. కాలవలో అయితే జీలుగుబెండు ముక్క చాలు. సముద్రం పెద్దదికదండీ!”

“ఎంత ఆలోచన, ఎంత ఆలోచన!” అని ఆయన మురిసిపోయారు. నాకు ఏడుపొచ్చింది.

తెల్లవారి వెలుగు రాగానే ఒడ్డుకి వెళ్ళాం. అంతవరకూ సముద్రాన్ని నేను చెవులతోనే ఎరుగుదును. కళ్ళతో చూడగానే చెవులే నయమనిపించింది. ఆకాశం అంచునుంచి నా కాళ్ళదాకా ఒకటే నీళ్ళు. అవి ఊరుకోకుండా లేస్తున్నాయి. ఒక్కొక్క కెరటం మా ఊరి కచేరీ సావిడంత ఎత్తు లేచి, కాసేపు నన్నే చూసి, ‘వీడేనా?’ అన్నట్టు విరిగి పడుతోంది.

తెప్ప యజమాని అక్కడే ఉన్నాడు. ఏభై ఏళ్ళుంటాయి. జన్మంతా కెరటాలమీదనుంచి కేకలేసి కేకలేసి, పక్కనున్నవాణ్ణి కుశలం అడిగినా అవతలి ఊరికి వినబడేలా అడిగేవాడు.

“రండి బాబయ్యా! ఎక్కండి!” అని అరిచాడు.

“ఏది, పడవేదీ?” అన్నాను.

“ఇదేనండి!”

నేను చూసింది దుంగలు. కొన్ని దుంగల్ని పక్కపక్కన పెట్టి తాళ్ళతో బిగించారు. అంచులు లేవు, గోడలు లేవు, పట్టుకోడానికి పిడి లేదు. దుంగకీ దుంగకీ మధ్య సందు, ఆ సందుల్లో సముద్రం. మునగకుండా ఉండడానికి లోపలికి నీళ్ళు రాకుండా చూసుకోవడం ఓడల పద్ధతి. నీళ్ళు వచ్చినా పోయినా పట్టించుకోకపోవడం తెప్ప పద్ధతి.

నా సామాను సర్దుకున్నాను. మోకు ఒక కొస తెప్పదుంగకి కట్టాను. మధ్యలో నా నడుముకి రెండు చుట్లు చుట్టి బ్రహ్మముడి వేశాను. మిగిలిన కొసకి గాలం తగిలించాను.

“నడుముకెందుకండీ?” అన్నారు బావగారు.

“చేప లాగితే నేనే లంగరండి.”

అంతలో తెప్పయజమాని కళ్ళు నా కురిడీల బుట్టమీద పడ్డాయి. “కాయలు తెచ్చేరే! బాబయ్యగారికి మర్యాద తెలుసండి. కొత్తమనిషి ఎక్కేటప్పుడు గంగమ్మతల్లికి కాయ కొట్టాలండి.” అంటూనే ఒక కురిడీని లాక్కుని, కత్తితో పీచు ఒలిచి, తెడ్డుమీద ఠపీమని కొట్టేశాడు.

నా ప్రాణంలో పావువంతు ఇసకలో రెండు చిప్పలై పడింది.

“నీళ్ళు లేవేంటండీ దీన్లో? కురిడీనా?” అని మొహం చిట్లించి, మళ్ళీ తనే సర్దుకున్నాడు. “పోనీలెండి. తల్లికి నీళ్ళకేం లోటు!”

అతను తెప్పని నీళ్ళలోకి తోస్తూ అటు తిరిగినప్పుడు నేను ఇంకో కురిడీని చొక్కాలోకి దూర్చేసి పైన ఉత్తరీయం బిగించాను. ఎక్కగానే అతని చూపు దానిమీదే ఆగింది.

“ఆ కడుపేంటండి బాబయ్యా?”

“పొద్దున్నే చద్దన్నం కాస్త ఎక్కువైందండి.”

కెరటాలు విరిగే చోటికి చేరాక నాకు ముందూ వెనకా తెలియలేదు. తెప్ప ముక్కు ఆకాశంలోకి లేస్తుంది, నా కడుపు కింద ఉండిపోతుంది. తెప్ప కిందికి జారుతుంది, అప్పుడు కడుపు గొంతులోకొస్తుంది. ఆ మధ్యలో తెప్పయజమాని “ఇంకో కాయ!” అని అరిచాడు. ఇవ్వనంటే ఏమవుతుందో ఆలోచించే లోపల బావగారే తీసి ఇచ్చేశారు. అతను దాన్ని కళ్ళకద్దుకుని అలాగే సముద్రంలోకి విసిరేశాడు. అది ఎంత హాయిగా తేలుతూ పోయిందంటే, దాని వెనకే దూకేయాలనిపించింది.

కెరటాలు దాటాక నీళ్ళు కాస్త నెమ్మదించాయి. చేపల వేట మొదలైంది. బావగారు తన గాలానికి రొయ్య గుచ్చి వదిలారు. ఒక చేత్తో దారం, ఇంకో చేత్తో డబ్బా. నేనూ రొయ్యని గుచ్చి నా గాలం వేశాను. సీసం లేదు, తాడేమో కొబ్బరిపీచుది. గాలం, ఎర, తాడు మొత్తం నీళ్ళమీద పందిరి వేసినట్టు తేలుతూ కూర్చున్నాయి. రొయ్యని చూసి ఒక సముద్రపు కాకి దిగింది. దాన్ని చూసి ఇంకోటి దిగింది. కాసేపట్లో నా గాలం చుట్టూ పక్షుల సంత చేరింది.

“బావగారూ, మీ గోదారిలో చేపలు ఎగురుతాయాండీ?” అన్నారు బావగారు. నవ్వాలని మీసం కదిపారుగానీ పెదవులు నీలంగా ఉన్నాయి.

“నీళ్ళలోకి దిగని గాలం నా జన్మలో చూళ్ళేదండి!” అని తెప్పయజమాని నెత్తి బాదుకున్నాడు. “ఇది గాలవా, బట్టలారేసుకునే దండెవా?”

నేను రెండు చేతులతో దుంగని కావలించుకుని, సందులోంచి కిందికి చూస్తున్నాను. కింద పచ్చగా ఉంది. ఆ పచ్చదనం కింద ఇంకా ముదురుపచ్చ, దాని కింద నలుపు. ఆ నలుపుకి అడుగు లేదు. అమ్మ కొట్టించిన చెక్కల కిటికీ గురించి ఎన్నిసార్లు తిట్టుకున్నానో అన్నిసార్లూ మనసులోనే చెంపలేసుకున్నాను.

అప్పుడు గాలి తిరిగింది. అది నాకు తెలియలేదు. నాకు తెలిసిందల్లా తెప్పయజమాని అరవడం మానేశాడు. పొద్దుటినుంచీ అతని కేకలకి చెవులు పోతున్నాయనుకున్నాను. అతను మాట్లాడకుండా తూర్పువైపు చూస్తూ నిలబడితే, అంతకన్నా భయంకరమైన నిశ్శబ్దం ఇంకోటి నేను వినలేదు.

“ఒడ్డుకెళ్ళిపోదావండి,” అన్నాడు మెల్లిగా. “కాయివ్వండి.”

బుట్టలో ఆఖరి కాయ ఇచ్చాను. దాన్నీ నీళ్ళలో వేశాడు. తెడ్డు వేస్తూ నా పొట్టవంక మళ్ళీ చూశాడు.

“చద్దన్నం ఇంకా అరగలేదాండీ?”

“లేదండి.”

“గలగలమంటందండి అది.”

“చల్ల పోసుకున్నానండి.”

అతని మొహంలో రంగు మారింది. “బాబయ్యా, గంగమ్మ ఎదట దాచకూడదండి. నాకూ పెళ్ళాం పిల్లలున్నారండి,” అన్నాడు. ఆ గొంతులో వెటకారం లేదు. నాకున్నంత భయమూ అతనికీ ఉంది. ఆ కాయ నీళ్ళలో పడకపోతే తెప్ప ఒడ్డు చేరదని అతని భయం. పడితే నేను చేరనని నా భయం.

“ఇచ్చేయండి బావగారూ!” అని బావగారు మూలిగారు.

“ముందు మీ డబ్బా ఇవ్వండి!” అన్నాను.

బావగారు డబ్బాని రెండు చేతులా గుండెకి హత్తుకున్నారు. అప్పుడు చూశాను ఆయన మొహం. ఆ మొహం నాకు బాగా తెలుసు. పొద్దుటినుంచీ నేను పెట్టుకుని తిరుగుతున్న మొహమే అది. ఇంకో మాటకి వ్యవధి లేకపోయింది. వెనకనుంచి వచ్చిన కెరటం తెప్పని అట్లకాడతో అట్టు తిరగేసినట్టు తిరగేసింది.

ఇక్కడ పెంచి చెప్పాలని ప్రయత్నించాను, కుదరలేదు. ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

ముక్కులో, చెవుల్లో, కళ్ళలో ఉప్పు. కాళ్ళకి కింద ఏమీ తగలడం లేదు. చొక్కాలో కురిడీ నన్ను పైకి తోసింది, తన పని అది చక్కగా చేసింది. కానీ పైన గాలి లేదు, దుంగలున్నాయి. తెప్ప బోర్లాపడి నామీద మూతలా ఉంది. పక్కకి వెళదామంటే మోకు నడుముని వెనక్కి లాగింది. ప్రళయమొచ్చినా తెగనిది కావాలని ఏరి కొనుక్కున్న మోకు. ముడి వెతికాను. నీళ్ళు తాగి పీచు బిగుసుకుపోయింది, గోరు దూరలేదు. దుంగల సందులోంచి సన్నటి వెలుగు గీత కనబడుతోంది. దానికి నోరు ఆనించాలని చూస్తున్నాను. అందినట్టే అంది వెళ్ళిపోతోంది. అమ్మకి ఎవరు చెబుతారు, ఎలా చెబుతారు అనుకున్నాను. మా ఆవిణ్ణి తలుచుకుందామంటే ఆమె మొహం గుర్తుకి రాలేదు, అప్పటికి సరిగ్గా నెలన్నా చూసి ఉండలేదు. దానికి ఇంకా భయమేసింది.

ఏదో నా నడుముని రాసుకుంటూ పోయింది. సొరచేప అనుకున్నాను. కత్తి అది. తెప్పయజమాని కిందికి మునిగి మోకు కోసి, నా జుట్టు పట్టుకుని బయటికి లాగాడు. గాలి తగలగానే నేను చేసిన మొదటి పని దగ్గడం. రెండో పని అతని మెడని కావలించుకోవడం. అతను ఊపిరాడక నా చెంపమీద ఒకటిచ్చాడు. అంత కమ్మటి దెబ్బ నేను మళ్ళీ తినలేదు.

అవతల డబ్బామీద బోర్లా పడుకుని, కాళ్ళు గాలిలో కొట్టుకుంటూ బావగారు కనబడ్డారు. ఆ స్థితిలోనూ మర్యాద వదలలేదు.

“బావగారండీ! నాకు ఈత రాదండీ! దయచేసి వచ్చి నన్ను తీసుకెళ్ళండీ!”

“నాకూ రాదండీ!” అని నేను కేకేశాను.

తెప్పయజమాని చేతిలో నా జుట్టు ఒకసారి జారినంత పనైంది. ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ఇక్కడ రాయడానికి వీల్లేని మాట ఒకటన్నాడు. తర్వాత నన్ను ఒక చేత్తో, బావగారి డబ్బాని ఇంకో చేత్తో పట్టుకుని, కెరటాలతో పాటు తోసుకుంటూ ఒడ్డుకి చేర్చాడు. తెప్ప మాకన్నా ముందే తనంతట తనే చేరి ఇసకలో కూర్చుంది.

చాలాసేపు ఇసకని పట్టుకుని పడుకున్నాం. వదిలితే భూమి వెళ్ళిపోతుందేమోనని భయం. బావగారు ముందుగా తల తిప్పారు.

“ఇంట్లో చెప్పకండి బావగారూ.”

“మీరు చెప్పకపోతే నేను చెప్పనండి.”

తెప్పయజమాని తన పినతండ్రి కొడుకు తెప్పలోంచి ఒక పండుగప్పని తెచ్చి మా మధ్య పడేశాడు. “తీసుకెళ్ళండి. నా తెప్ప ఎక్కినోళ్ళు వట్టి చేతులతో ఎళ్ళేరంటే నా పేరు పోద్ది. మళ్ళీ మటుకు రాకండి, మీ పుణ్యవుంటుంది.”

రాకపోవడానికి మేమిద్దరం ఎంత సిద్ధంగా ఉన్నామో అతనికి తెలియదు.

ఆ మధ్యాహ్నం అత్తవారింట్లో పండగే. పండుగప్ప పులుసు ఘుమఘుమలు సముద్రందాకా వెళ్ళి ఉంటాయి. తడిసిన బట్టలు చూసి అడిగితే ‘కాసేపు ఈదేమండి’ అన్నారు బావగారు. మావగారు ముక్క నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, తెరిచి, చిన్నపిల్లాడిలా నవ్వారు.

“రేపు నేనూ వస్తానండి అల్లుడుగారూ.”

నా చేతిలో ముద్ద ఆగిపోయింది.

“అరవయ్యేళ్ళొచ్చేయి. సముద్రం పక్కన పుట్టి ఒక్కనాడు తెప్పెక్కలేదు. నాకు ఈత రాదండి, భయం. ఇన్నాళ్ళకి ధైర్యవొచ్చింది. ఇటు కొడుకు, అటు అల్లుడు, ఇద్దరూ గజఈతగాళ్ళు! మునిగితే మాత్రం నాకేం భయం, చెరో చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేస్తారు. పాలేరుని తెప్పలోళ్ళ పేటకి పంపించేను కూడాను.”

బావగారు నా వంక చూశారు. నేను బావగారి వంక చూశాను. ఇసకలో ఇచ్చుకున్న మాట ఇద్దరికీ గుర్తుంది. కానీ నాకు ఆ దుంగల కింది చీకటి మళ్ళీ కనబడింది. అందులో ఈసారి మావగారి తెల్లటి జుట్టు కనబడింది. ఇంతవరకూ నా ప్రాణానికే భయపడ్డాను. ఇంకొకరి ప్రాణానికి భయపడడం అంతకన్నా పెద్ద భయమని అప్పుడే తెలిసింది. నోరు తెరిచాను. మాట రాలేదు.

బావగారికి వచ్చింది.

“నాన్నా, బావగారికి ఈత రాదు.”

ఆయన వేలు నావైపే చూపిస్తోంది. తన సంగతి ఒక్క ముక్క లేదు! మర్యాద, మాట, చుట్టరికం అన్నీ నాకు ఒక్కసారి గాలికెగిరిపోయాయి.

“ఆయనకీ రాదండి!” అన్నాను. “డబ్బా పట్టుకుని ఒడ్డుకొచ్చేరండి!”

“ఆయన్ని జుట్టు పట్టుకు లాక్కొచ్చేరు నాన్నా!”

“మరి పళ్ళు తోముకుంటా గోదారి దాటడం?” అన్నారు మావగారు నాతో.

“గట్టుమీదే తోముకునేవాణ్ణండి.”

“ఒరేయ్, సముద్రంలో కునుకు తీయడం?”

బావగారు పులుసులో ముల్లు వెతుక్కున్నారు.

“మరి ఈ చేప?”

“తెప్పాయన ఇచ్చేడండి,” అన్నాం ఇద్దరం ఒకేసారి.

మావగారు మా ఇద్దరినీ, చేపముక్కనీ, తన ఎంగిలి చేతినీ చూసుకున్నారు. ముక్కని విస్తట్లో పక్కకి నెట్టేశారు. కోపమేమో అనుకున్నాను, కాదు. రేపటి తెప్పని ఆయన ఇప్పుడు చూస్తున్నారు. వంటింట్లో ఒక గిన్నె కిందపడి దొర్లింది. దాని వెనక ఆపుకోలేని నవ్వు, మా ఆవిడది. అదే నేను వినడం మొదటిసారి.

“పాలేరు ఇంకా వీధి దాటి ఉండడు. కేకెయ్యండి,” అన్నారు మావగారు చివరికి. “రేపు ఎవరూ రావట్లేదని చెప్పండి.”

బంగాళాఖాతం నా గుండెలమీదనుంచి లేచి, నెమ్మదిగా తన చోటికి తను వెళ్ళిపోయింది. నేను పులుసు కలుపుకున్నాను. మొదటిసారిగా దాని రుచి తెలిసింది.

మావగారు మజ్జిగ పోయించుకుంటూ అన్నారు. “రేపట్నుంచి మీరిద్దరూ మన పెరటి కాలవలో దిగండి. అమ్మాయికి వచ్చు ఈత, చిన్నప్పట్నుంచీ చేపపిల్లే. గట్టుమీంచి చెబుద్ది, మీరు నేర్చుకోండి.”

“ఆయ్,” అన్నారు బావగారు నీరసంగా.

నా ముద్ద మళ్ళీ నోటి దగ్గర ఆగింది.

“ఆ కాలవ ఎంత లోతుంటుందండీ?” అన్నాను.